లాలాజలం ఒకరిది, సమాచారం అందరిది

ఉమ్మడి ఆస్తి అమ్మాలంటే వాటాదారులంతా సంతకం పెట్టాలి. వంశమంతటికీ ఉమ్మడిగా వచ్చిన డీఎన్ఏను ఒక కంపెనీకి ఇవ్వడానికి మాత్రం ఒక్కరు ఫోన్‌లో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కితే చాలు. గోప్యతపై వ్యాసం రాసేటప్పుడు మనం తరచూ వదిలేసే కోణం ఇదే.

2023లో అమెరికా కంపెనీ 23అండ్‌మీలో హ్యాకర్లు చొరబడింది దాదాపు 14,000 ఖాతాల్లోకే. కానీ బంధువులను వెతికే సదుపాయం ద్వారా సుమారు 69 లక్షల మంది వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేయడంతో ఖాతాదారుల జన్యు సమాచారం కూడా అమ్మకపు ఆస్తుల్లో చేరింది.

ఇది మనకూ సంబంధించిన విషయమే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం ఒకటి 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని జన్యులోపాలు ఎక్కువగా కనిపిస్తాయని అది వివరించింది. వైశ్యుల్లో కనిపించే ఒక ఎంజైమ్ లోపం అందుకు ఉదాహరణ. ఆ లోపం ఉన్నవారికి ఆపరేషన్‌లో కండరాలను సడలించే కొన్ని మందులిస్తే ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు. అంటే ఈ సమాచారం ప్రాణం కాపాడగలదు. అదే సమాచారం బీమా కంపెనీ చేతిలోనో పెళ్లి సంబంధాల దగ్గరో పడితే, పరీక్షే చేయించుకోని వారికీ ముద్ర పడుతుంది. సూరత్ మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన మా పద్మశాలీల్లోనూ సంబంధాలు ఎక్కువగా కులంలోనే కలుపుకుంటారు. ఒకరి రిపోర్టు ఎందరి గురించి మాట్లాడుతుందో ఊహించవచ్చు.

పేరు తీసేసి ఇస్తే సరిపోదా? తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు వచ్చినట్టే వై క్రోమోజోమ్ కూడా వస్తుంది. ఈ పోలిక ఆధారంగానే, పేర్లు తొలగించిన జన్యు సమాచారం నుంచి పరిశోధకులు దాదాపు 50 మందిని గుర్తుపట్టగలిగారు. ఆ ఫలితాలు 2013లో సైన్స్ పత్రికలో వచ్చాయి.

2017 పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, అన్నీ తెలిసి ఇచ్చినదై ఉండాలంది, వెనక్కి తీసుకునే హక్కూ ఇచ్చింది. కానీ జన్యు సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా చూడలేదు. సమ్మతిని ఒక వ్యక్తి వ్యవహారంగానే లెక్కగట్టింది. ఆరోగ్య బీమాలో, ఉద్యోగాల్లో జన్యు వివక్షను నిషేధిస్తూ అమెరికా 2008లోనే చట్టం చేసింది. మన పార్లమెంటు అలాంటి చట్టం ఇంకా చేయలేదు.

బంధువులందరి అనుమతీ అడగాలంటే పరిశోధన ఆగిపోతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే వీటో వద్దు, బాధ్యత కావాలి. పరీక్షకు ఒక సమ్మతి, పరిశోధనకు మరొకటి, కంపెనీ చేతులు మారితే మళ్లీ కొత్తది తీసుకోవాలి. ఒక సమూహం పేరుతో ఫలితాలు ప్రకటించే ముందు ఆ సమూహంతో మాట్లాడాలి. అన్నిటికంటే ముందు బీమాలో, ఉద్యోగాల్లో జన్యు వివక్షను నిషేధించాలి. రిపోర్టు బయటపడినా నష్టం జరగదన్న భరోసా ఉంటేనే జనం ధైర్యంగా నమూనా ఇస్తారు, వైద్యం ముందుకు సాగుతుంది.

సాధన ప్రశ్న: జన్యు సమాచారం విషయంలో వ్యక్తి సమ్మతి ఒక్కటే సరిపోతుందా? 250 పదాల్లో చర్చించండి.