ఉపసంహారం ఎరుగని అస్త్రవిద్య

మధ్యభారతంలో బుర్హాన్‌పురానికి సమీపాన ఆసీర్‌గఢ్ అనే గిరిదుర్గం ఉంది. ఆ ప్రాంతంలో ఒక జనశ్రుతి తరతరాలుగా వినవస్తున్నది. లలాటాన మానని వ్రణంతో ఒక దీర్ఘకాయుడు అప్పుడప్పుడు కనిపించి, రక్తస్రావం ఆగేందుకు తైలాన్నీ పసుపునూ యాచిస్తాడట. అతడే ద్రోణపుత్రుడైన అశ్వత్థామ అని అక్కడివారి విశ్వాసం. కమ్మర్‌పల్లి, ఆర్మూరు ప్రాంతాల వారికి ఈ మాట మరింతగా మనసుకు తాకుతుంది. పంట చేతికి వచ్చే దినాలలో ఇక్కడి కళ్లాలలో పసుపు కొమ్ములను ఉడికించి రాశులుగా ఆరబోస్తారు. ఇంత పసుపు పండే నేలపై నిలిచి విన్నవారికి ఒక సందేహం కలగక మానదు. ఏ పసుపుకూ మానని ఆ గాయం ఎక్కడ ఆరంభమైంది?

2024లో విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చలనచిత్రంలో అశ్వత్థామను చూసిన యువకులు ఒక ప్రశ్న వేస్తారు. నిరాయుధుడై యోగనిష్ఠలో కూర్చున్న తండ్రి శిరస్సును ఖండిస్తే పుత్రుడు మౌనంగా ఉండాలా? ప్రశ్న న్యాయమైనదే. ధర్మరాజు పలికిన అర్ధసత్యమూ, ధృష్టద్యుమ్నుని క్రూరకర్మమూ దోషాలే. వాటిని మహాభారతం దాచలేదు. అయితే అశ్వత్థామ పతనం ఆ దినాన ఆరంభం కాలేదు. దాని బీజం బాల్యంలోనే పడింది.

ఆదిపర్వ కథ సాధకులకు విదితమే. దారిద్ర్యంలో ఉన్న ద్రోణుని ఇంట పాలు లేవు. తోటి బాలురు పిండి కలిపిన నీటిని పాలని నమ్మించగా, పసివాడు అది త్రాగి ఆనందంతో నర్తించాడు, వారు పరిహసించారు. ఆ అవమానమే ద్రోణుని బాల్యమిత్రుడైన ద్రుపదుని ద్వారానికి నడిపింది. అక్కడ తిరస్కారం ఎదురైంది. తరువాత హస్తినాపురంలో ఆచార్యపదవి లభించినా ఆ తడి ఆరలేదు. నీరు తెచ్చే నిమిత్తం శిష్యులందరికీ ఇరుకు మూతి కమండలువులనూ, తన కుమారునికి మాత్రం వెడల్పు మూతి కుండనూ ఇచ్చాడు ఆచార్యుడు. పుత్రుడు ముందుగా తిరిగివస్తే రహస్యవిద్యలు బోధించవచ్చునని ఆయన ఆలోచన. అర్జునుడు ఈ సంగతి గ్రహించి, వారుణాస్త్రంతో కమండలువు నింపుకొని గురుపుత్రునితో సమంగా వచ్చేవాడు. ఒకరు శ్రద్ధతో ఎదిగారు. ఒకరు పక్షపాతంతో పెంచబడ్డారు.

అర్జునునికి బ్రహ్మశిరోనామకాస్త్రం లభించిందని తెలిసి, అసహనంతో తనకూ కావాలని తండ్రిని అడిగాడు అశ్వత్థామ. ద్రోణుడు మనసొప్పక ఇచ్చాడు. మనుష్యులపై ప్రయోగించరాదని శాసించి, నీవు సత్పురుషుల మార్గాన నిలువలేవేమో అని కూడా అన్నాడు. ఈ సంగతి చెప్పినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడు. అదే అశ్వత్థామ ద్వారకకు వచ్చి, ఆ అస్త్రానికి బదులుగా సుదర్శనాన్ని అడిగాడని, రెండు చేతులా ప్రయత్నించినా దానిని కదల్పలేకపోయాడని కూడా ఆ స్వామియే సెలవిచ్చాడు. యోగ్యత పెంచుకోవాలన్న తపన కంటే, ఇతరుని వద్ద ఉన్నది తనకు లేదన్న క్షోభయే అతనిని నడిపింది. పైకి ఎండినట్లు కనిపించినా లోపల తడి నిలిచిన కొమ్ము సంచిలో బూజు పడుతుందని పసుపు రైతుకు తెలుసు. మాత్సర్యం అటువంటి తడి.

అతడు ధర్మం తెలియనివాడు కాడు. దుశ్శాసనవధ తరువాత దుర్యోధనుని చేయి పట్టుకొని, పాండవులతో సంధి చేసుకొమ్మని వేడుకొన్నాడు. సౌప్తిక రాత్రిన మేనమామ కృపాచార్యుడు నిద్రించేవారిని వధించడం అధర్మమని, తెల్లవారనిమ్మని హితవు చెప్పాడు. తరువాతి జన్మలో కీటకమైనా సరే, ఈ పని మానను అన్నాడు మేనల్లుడు. తెలిసి చేసిన పాపమది. ఆ రాత్రి అతని చేత హతులైన ధృష్టద్యుమ్నుడు ఎవరు? ద్రోణుని వద్దనే అస్త్రవిద్య నేర్చిన సహాధ్యాయి. ఉపపాండవులు ఎవరు? తనతో ఒకే గురుకులంలో పెరిగినవారి బిడ్డలు. ఇది శత్రుసంహారం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇది గురుకులద్రోహం.

మరునాడు బ్రహ్మశిరోస్త్రాలు రెండూ ఎదురెదురుగా ప్రజ్వలించాయి. వ్యాస నారదులు నడుమ నిలిచారు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించాడు. అశ్వత్థామకు అది సాధ్యం కాలేదు. బ్రహ్మచర్యవ్రతం, ఇంద్రియనిగ్రహం లేనివానికి ఆ అస్త్రం వెనుకకు రాదని వ్యాసభారతం చెబుతుంది. అస్త్రవిద్యలో ఈ భాగమే అసలు విద్య. ప్రయోగం కోపికి కూడా వస్తుంది. ఉపసంహారం శాంతునికి మాత్రమే వస్తుంది. వెనుకకు రాని ఆ అస్త్రం ఉత్తర గర్భస్థశిశువుపైకి మళ్లింది. మణి కోల్పోయి, మూడువేల సంవత్సరాలు ఏకాకిగా తిరిగే శాపం అతనికి మిగిలింది.

ఈ కథలో ఉపసంహారం ఎరిగినవారు మరొకరున్నారు. భాగవత ప్రథమస్కంధంలో, బంధితుడై వచ్చిన గురుపుత్రుని చూసి విడిచిపెట్టమన్నది ద్రౌపదీదేవి. అయిదుగురు కుమారులను పోగొట్టుకున్న ఆ తల్లి, తనవలె కృపి కూడా పుత్రశోకంతో విలపించరాదని కోరింది. ఏ గురుకులంలోనూ అస్త్రం నేర్వని స్త్రీకి, ద్రోణపుత్రునికి అందని విద్య అబ్బింది. ఆమెకు జరిగిన అన్యాయం అతనికి జరిగినదానికంటే చిన్నదా? గాయం ఎంత పెద్దదన్నది కాదు, దానిని ఏ వైపుకు త్రిప్పామన్నదే మనిషిని నిర్ణయిస్తుంది.

నేడు బాలురు కరాటే, కర్రసాము అభ్యసించడం శుభకరమే. దేహబలం ధర్మరక్షణకు అవసరం. కాని కుమారునికి వెడల్పు కుండ ఇచ్చే తండ్రులూ, మనసొప్పకపోయినా అస్త్రం చేతికిచ్చే గురువులూ నేటికీ ఉన్నారు. కొట్టడం నేర్పిన రోజుననే ఆగడం నేర్పాలి. తోటివాని విజయాన్ని నమస్కరించి స్వీకరించడం నేర్పాలి. మనసు నొచ్చుకున్న బాలుడు తన బాధను చెప్పుకొనేందుకు ఇంట ఒక పెద్దదిక్కు ఉండాలి. లేకుంటే వాని అమర్షానికి ఆశ్రయమిచ్చే దుర్యోధనుడు వీధిలో సిద్ధంగా ఉంటాడు.

అశ్వత్థామకు సైతం ధర్మం ద్వారం మూయలేదు. రాబోయే సావర్ణి మన్వంతరంలో అతడు సప్తర్షులలో ఒకడని విష్ణుపురాణం చెబుతున్నది. లలాటవ్రణం ఒకనాటికి మానుతుందన్నమాట. అయితే అంత కాలం వేచియుండవలసిన అవసరం సాధకునికి లేదు. ఈ సాయంకాలమే, ఎవరిపైన ఎక్కుపెట్టిన బాణం మనసులో ఉన్నదో చూసుకొని, దానిని దించవచ్చు.

స్వస్తి.