పరదేశంలో సారథ్యం

తెలుగువారి యాత్రావాఙ్మయంలో ఏనుగుల వీరాస్వామయ్య రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’కు విశిష్ట స్థానం ఉంది. చెన్నపట్టణంలోని సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18వ తేదీన దాదాపు నూరుమంది పరివారంతో బయలుదేరి, కాశీ మొదలైన క్షేత్రాలను సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరాడు. నడుమ నైజాం రాజ్యాన్నీ, నాగపూరు రాజ్యాన్నీ దాటవలసి వచ్చింది. దారి ఎటువంటిదో, ఏ మజిలీలో ఏ వస్తువు దొరుకుతుందో ఆయన దినదినమూ వ్రాసిపెట్టాడు. తాను నడిచిన బాట తనది కాదనీ, దాని పద్ధతులు తెలుసుకొని నడవాలనీ ఎరిగిన వివేకం ఆ గ్రంథంలో పుటపుటా కనిపిస్తుంది.

నేడు పల్లకీల స్థానంలో కార్లు వచ్చాయి. బిడ్డల వద్దకు అమెరికా వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులు అద్దెకారులో నయాగరాకో, గ్రాండ్ కాన్యన్‌కో పయనం కట్టడం సామాన్య విషయమైంది. అటువంటి ప్రయాణానికి ముందు ఆవకాయ జాడీ బరువును మూడుమార్లు తూచి చూసే కుటుంబాలు ఉన్నాయి. ఆ దేశపు రహదారి నియమాల పుస్తకాన్ని ఒక్కమారైనా తిరగవేసినవారు ఎందరు? విదేశంలో కారు నడపడానికి చేయవలసిన సన్నాహంలో సామాను సర్దుకోవడం అల్పభాగం. అధికభాగం, స్వదేశంలో చేతికీ కంటికీ పట్టిన అలవాటును కొంతకాలం పక్కన పెట్టడానికి సిద్ధపడడమే.

సన్నాహం ఎంత విస్తృతంగా ఉండాలో 1955లో ఆరుగురు విద్యార్థులు లోకానికి చూపారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలకు చెందిన ఆ యువకులు రెండు లాండ్ రోవర్ వాహనాలలో ఆ ఏడు సెప్టెంబరు 1న లండన్ నుండి బయలుదేరి 1956 మార్చిలో సింగపూర్ చేరారు. వారిలో ఒకరైన టిమ్ స్లెసర్ ఆ కథను ‘ఫస్ట్ ఓవర్‌లాండ్’ అనే గ్రంథంగా వ్రాశాడు. వారు పనులను పంచుకున్నారు. వీసాలు, పటాలు ఒకరివంతు; యంత్రాల బాగోగులు వేరొకరివంతు; చలనచిత్రం తీయడం మరొకరివంతు. బయలుదేరకముందే నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు సాగాయి. సాహసం అనగానే యువత మనస్సులో మెదిలేది ఎడారి, అడవి, కొండదారి. అస్సాం నుండి బర్మాకు పోయే దారి ఆ ఆరుగురికి అటువంటిదే. అయినా వారిని ఆ దారి మొదటివరకు చేర్చినవి కాగితాలే.

కాగితాలలో ముఖ్యమైనది కార్నెట్. మనిషికి పాస్‌పోర్టు ఎటువంటిదో, కొన్ని దేశాలలో కారుకు కార్నెట్ అటువంటిది. బయటి కారును లోపలికి తెచ్చి, సుంకం చెల్లించకుండా అక్కడే అమ్మివేస్తారేమోనని ప్రతి దేశానికీ శంక ఉంటుంది. ఆ శంకను తీర్చే హామీపత్రమే ఇది. దానిని పొందడానికి యజమాని కొంత పెద్దమొత్తానికి పూచీ పెట్టవలసి ఉంటుంది. పత్రంలోని ప్రతి పుటలోనూ మూడు భాగాలుంటాయి. దేశంలోకి ప్రవేశించినపుడు ఒకటి, నిష్క్రమించినపుడు ఒకటి కస్టమ్స్ అధికారి చించి ఉంచుకుంటాడు. ముద్రలు పడిన మూడవది యాత్రికుని వద్ద మిగులుతుంది. నిష్క్రమణ ముద్ర వేయించుకోవడం మరచినవాడు, ఇంటికి చేరిన తరువాత కూడా ఆ దేశానికి సుంకం బాకీ పడినవాడే అవుతాడు. పొరుగున ఉన్న నేపాల్‌కు భారతీయుల కారుకు ఈ పత్రం అక్కరలేదు. సరిహద్దులో ‘భన్సార్’ అనే కస్టమ్స్ కార్యాలయంలో, ఉండదలచిన రోజుల లెక్కన రుసుము చెల్లిస్తే చాలు.

చోదకునికి కావలసినది అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతిపత్రం. 1949 నాటి జెనీవా ఒప్పందాన్ని అనుసరించి రవాణాశాఖ కార్యాలయం దీనిని ఇస్తుంది. ఏడాదికి మించి చెల్లదు. స్వదేశపు లైసెన్సు వెంట లేకపోతే అసలే చెల్లదు. చైనా దీనిని గుర్తించదు. అక్కడ వేరుగా తాత్కాలిక లైసెన్సు తీసుకోవలసిందే. ఈ అనుమతిపత్రం సంపాదించగానే తనకు ఆ దేశంలో కారు నడపడం వచ్చునని భావించేవారిని చూస్తే, నిఘంటువు కొనగానే భాష వచ్చిందనుకునేవారు జ్ఞప్తికి వస్తారు.

అసలు చిక్కు ఎడమ కుడుల వద్ద ఉంది. భారతదేశంలోనూ, నేపాల్, భూటాన్, థాయిలాండ్‌లలోనూ వాహనాలు రోడ్డుకు ఎడమవైపున సాగుతాయి. అమెరికాలోనూ, ఐరోపా ఖండంలోని అత్యధిక దేశాలలోనూ కుడివైపున సాగుతాయి. స్వీడన్ దేశస్థులు 1967 వరకు ఎడమవైపునే నడిపేవారు. ఇరుగుపొరుగులైన నార్వే, ఫిన్లాండ్‌లలో కుడివైపు పద్ధతి. సరిహద్దు దాటిన ప్రతి చోదకుడూ క్షణంలో చేయి మార్చుకోవలసి వచ్చేది. మార్పు వద్దని 1955 ప్రజాభిప్రాయ సేకరణలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పినా, పార్లమెంటు 1963లో మార్పునకే నిర్ణయించింది. నాలుగేళ్ళ సన్నాహం జరిగింది. 1967 సెప్టెంబరు 3వ తేదీ ఉదయం 5 గంటలకు దేశమంతా కుడివైపునకు మారింది.

ఘోరప్రమాదాలు జరుగుతాయని పలువురు భయపడ్డారు. తొలినాళ్ళలో ప్రమాదాలు పెరగకపోగా, తగ్గాయి. అందరూ అడుగడుగునా ఆలోచించి నడపడమే అందుకు కారణం. అయితే రెండేళ్ళు తిరిగేసరికి ప్రమాదాల సంఖ్య మునుపటి స్థాయికి చేరుకుంది. కొత్తదారి పాతబడింది, జాగరూకత సడలింది.

ఒక జాతి అనుభవంలో రెండేళ్ళు పట్టినది, ఒక యాత్రికుని విషయంలో నాలుగైదు రోజులలోనే జరిగిపోతుంది. మొదటిరోజు అతడు స్టీరింగును రెండు చేతులతో పట్టుకొని, పక్కనున్నవారితో మాట్లాడక నడుపుతాడు. చేయి కుదిరిందనే ధైర్యం కలిగిన తరువాతనే ముప్పు ఎదురవుతుంది. అదీ రద్దీ రోడ్డులో కాదు. అక్కడ ముందుపోయే కారే గురువు. తెల్లవారుజామున పెట్రోలు బంకు నుండి నిర్జనమైన రోడ్డుమీదికి మలుపు తిరిగేటపుడు అనుసరించడానికి ముందు ఎవరూ ఉండరు. అప్పుడు పాత అలవాటే దారి చూపుతుంది. ఎదుటి లాంతర్ల వెలుగు తన వరుసలోనే వస్తున్నదని గ్రహించేలోగా కాలం మించిపోవచ్చు.

అమెరికా నియమాలలో కొన్ని భారతీయ చోదకునికి వింతగా తోస్తాయి. నడుమ విభజన లేని రోడ్డుపై పాఠశాల బస్సు ఆగి ఎర్రదీపాలు వెలిగిస్తే, వెనుకవారే కాదు, ఎదురుగా వచ్చేవారూ ఆగిపోవాలి. నాలుగు దారులకూ ‘స్టాప్’ గుర్తు ఉన్న కూడలిలో ముందు వచ్చి ఆగినవారే ముందు కదలాలి. హారన్‌కు అక్కడ ప్రాధాన్యం లేదు. పోలీసు ఆపినపుడు మన చోదకుడు మర్యాదగా కారు దిగి ఎదురువెళ్తాడు. అక్కడ అది మర్యాద కాదు, అనుమానాస్పదం. చేతులు స్టీరింగుపై కనబడేటట్లు ఉంచి, అధికారి వచ్చేవరకు కూర్చున్నచోటనే ఉండాలి. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వలన ప్రాణాలమీదికి రావచ్చు.

ముప్పై ఏళ్ళుగా కారు నడుపుతున్నామని, ఈ పాఠాలు తమకెందుకని వాదించే పెద్దలు లేకపోలేదు. వారి నైపుణ్యాన్ని ఎవరూ కాదనరు. కాని ముప్పై ఏళ్ళ అనుభవమంటే ముప్పై ఏళ్ళుగా గట్టిపడిన అలవాటు కూడా. నిన్న లైసెన్సు పొందిన మనుమరాలికి మరచిపోవలసినది తక్కువ. అందువలన ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న పార్కింగు స్థలంలో ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని రెండు గంటలు సాధన చేయడానికి తాతగారు చిన్నతనం పడనక్కరలేదు.

తిరుగుప్రయాణానికి కూడా సన్నాహం ఉంది. మూడు నెలలు కుడివైపున నడిపిన చేయి శంషాబాద్ విమానాశ్రయంలో దిగగానే ఎడమవైపునకు మారదు. రాత్రి నిద్రలేదు, సామాను బరువు, ఇల్లు చేరాలనే ఆత్రం. ఆ పూట స్టీరింగును వేరొకరికి అప్పగించి, వెనుక సీటులో కూర్చోవడం మేలు.