ఏడిండ్ల కూన, ఊరందరి పిల్లలు

శ్రీరంగాపూర్ తల్లులారా, తండ్రులారా, అక్కలారా, అన్నలారా!

వానలు మొదలయ్యాయంటే మన గల్లీల్లో పిల్లికూనల అరుపులు వినబడతాయి. గడ్డివాము సందులోనో, పాత గోనెసంచుల మీదనో, ఎవరింటి అటక మీదనో తల్లిపిల్లి ఈనుతుంది. నెల తిరిగేసరికి ఆ కూనల్లో ఒకటి మన పిల్లల చేతుల్లో ఉంటుంది. రెండు రోజులు పోతే దాని కండ్లు ఎర్రబడి, నీరు కారి, పచ్చటి పుసి కట్టి రెప్పలు అతుక్కుపోతాయి. అప్పుడు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. నాలుగేండ్ల పాప తన గౌను అంచుతో ఆ పుసి తుడిచి, అదే చేత్తో తన కన్ను నలుపుకుంటుంది. లేదంటే పెద్దలు చూసి, కూనను సంచిలో వేసుకొని పోయి చెరువు కట్ట మీదనో పెబ్బేరు తొవ్వలోనో వదిలేసి వస్తారు.

ఈ రెండూ మన ఊళ్లో ఆగిపోవాలి. అది ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు, అందుకే ఊరందరినీ అడుగుతున్నాను.

పిల్లి తన కూనలను ఏడిండ్లు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఇవాళ మీ వసారాలో ఉన్న కూన రేపు పక్కింటి బియ్యం బస్తాల చాటున ఉంటుంది, ఎల్లుండి అంగన్‌వాడీ గోడ పక్కన పడుకుంటుంది. దాని వెంట దాని జబ్బూ తిరుగుతుంది. అది తిరిగిన ఇండ్లన్నింటిలోనూ పసిపిల్లలు ఉంటారు. మీరు మీ ఇంట్లోంచి తరిమేసిన కూన ఇంకో తల్లి ఇంట్లో, ఇంకో పాప ఒళ్లో తేలుతుంది. మన రంగనాయకస్వామి గుడికి మూడు దిక్కులా రంగసముద్రం నీళ్లే. అక్కడ కట్ట మీద వదిలేసిన కండ్లు కనబడని కూన ఎటు పోతుంది? చెప్పండి.

ముందు జబ్బు సంగతి తెలుసుకుందాం. కూనల కండ్లకు పుసి పట్టించేవి ఎక్కువగా పిల్లుల హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్, క్లమిడియా ఫెలిస్ అనే బాక్టీరియా. చాలా కూనలకు ఇవి తల్లి నుంచే అంటుకుంటాయి. తుమ్ములు, ముక్కు కారడం కూడా తోడైతే కూనకు వాసన తెలియదు. వాసన తెలియకపోతే పిల్లి తిండి ముట్టదు. అంత చిన్న ప్రాణం ఒక్క రోజు పస్తున్నా సొమ్మసిల్లిపోతుంది, కాబట్టి తిండిని కొద్దిగా వెచ్చచేసి పెట్టండి, వాసన తగులుతుంది. పుట్టిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో కూన కండ్లు తెరుస్తుంది. తెరవకముందే మూసిన రెప్పల వెనక ఉబ్బు కనిపిస్తే లోపల చీము చేరినట్టే. నల్లగుడ్డు మీద తెల్లటి పొర కనిపించినా, కన్ను అసలే తెరవకపోయినా తెల్లారేదాకా ఆగి చూద్దామనుకోవద్దు. ఆలస్యం చేస్తే ఆ కన్ను పోవచ్చు.

మరి మా పిల్లలకు అంటుతుందా అని ప్రతి తల్లీ అడుగుతుంది. అడగాల్సిందే. పిల్లుల హెర్పిస్ గానీ కాలిసి గానీ మనుషులకు రావు. క్లమిడియా ఫెలిస్ మాత్రం అరుదుగా మనిషి కంటికి అంటి, ఎర్రబారేలా చేస్తుంది. 2023 వానాకాలంలో రాష్ట్రమంతా కండ్లకలక వచ్చింది గుర్తుందా? బడులు, హాస్టళ్లు ఎర్రటి కండ్లతో నిండిపోయాయి. అది మనిషి నుంచి మనిషికి పాకిన వైరస్. ఆ నింద పిల్లుల మీద వేయకండి. అయితే భయం వద్దన్నానని జాగ్రత్త కూడా వద్దనుకోకండి. అయిదేండ్లలోపు పిల్లలకు చేయి కంట్లోకో నోట్లోకో పోకుండా ఒక్క గడియ గడవదు. కూన ఒంటి మీది తామర పిల్లల చర్మానికి అంటుతుంది. దాని గోటి గీత నుంచి బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి ఒంట్లోకి చేరితే జ్వరం వస్తుంది, చంకలోనో మెడ దగ్గరో బిళ్లలు కడతాయి.

క్లమిడియా అన్న పేరు మన కండ్లకు కొత్తది కాదు. ఆ కుటుంబంలోదే క్లమిడియా ట్రకోమాటిస్. మన తాతల కాలంలో ఈ దేశంలో చూపు పోగొట్టిన పెద్ద కారణాల్లో ట్రకోమా ఒకటి. అది పిల్లలకు పదే పదే సోకేది. సోకినప్పుడల్లా రెప్ప లోపలి వైపు మచ్చ పడేది. ఏండ్లు గడిచేసరికి రెప్ప ముడుచుకుపోయి వెంట్రుకలు లోపలికి తిరిగేవి. రెప్ప వేసినప్పుడల్లా అవి నల్లగుడ్డును గీరి గీరి చివరికి గుడ్డితనం తెచ్చేవి. ఆ జబ్బు చేతుల మీద, తువ్వాళ్ల మీద, పిల్లల ముఖం మీద వాలే ఈగల మీద ప్రయాణం చేసింది. 1963లో దేశం జాతీయ ట్రకోమా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1976లో అది అంధత్వ నివారణ కార్యక్రమంలో కలిసింది. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారతదేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించింది. అరవై ఏండ్లు పట్టింది! మందులు పనిచేశాయి, ఆపరేషన్లు పనిచేశాయి. వాటితో సమానంగా పనిచేసింది ఒక తల్లి చెంబెడు నీళ్లతో బిడ్డ ముఖం కడగడం, ఒక వాడ తన పెంటకుప్పను ఇండ్లకు దూరంగా జరపడం. మీ బిడ్డ ముఖం ఎంత శుభ్రంగా ఉన్నా పక్కింటి బిడ్డ కంటి మీద వాలిన ఈగ మీ ఇంటికే వచ్చేది. అందుకే ఆ గెలుపు ఏ ఒక్కరిదీ కాదు. అది మనవాళ్లు చేసి చూపిన పని. ఇప్పుడు నేను అడుగుతున్నది అందులో వందో వంతు కూడా ఉండదు.

ఇంట్లో ఏం చేయాలి? కూనను ఒక అట్టపెట్టెలో పాత చీరముక్క పరిచి, గాలి వెలుతురు ఉన్న మూలన, పిల్లలకు అందని చోట పెట్టండి. దాని పని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే చూడాలి. కాచి చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన దూది ముంచి, ఎండిన పుసి మీద కొంచెంసేపు ఆనించండి. నానితే అదే వస్తుంది, పీకవద్దు. ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి తగలకూడదు. వాడిన దూదిని కవర్లో ముడివేసి పారేయండి. తరువాత చేతులు సబ్బుతో గోళ్ల సందుల దాకా కడగండి. కూన గిన్నె వేరు, దాని గుడ్డ వేరు. ఆ గుడ్డను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. కడుపుతో ఉన్న ఆడబిడ్డ ఇంట్లో ఉంటే కూన మలం ఎత్తే పని ఆమెకు చెప్పవద్దు. అందులో ఉండే టాక్సోప్లాస్మా కడుపులో బిడ్డకు చేటు చేయగలదు.

పిల్లలను మాత్రం తిట్టి తరమవద్దు. కూన మీద జాలిపడడం వాళ్లు చేసిన తప్పు కాదు. తరిమేస్తే దొంగచాటుగా పోయి ఎత్తుకుంటారు, అప్పుడు మనకు తెలిసే దారి కూడా ఉండదు. గడప దగ్గర కూర్చోబెట్టి, కూన ఎన్నిసార్లు తిన్నది, ఏ కన్ను ఎంత తెరిచింది చూసి చెప్పమనండి. ఆ పని వాళ్లకు అప్పగించి చూడండి, మనకంటే శ్రద్ధగా చేస్తారు.

ఇక మందుల మాట. నందివర్ధనం పూల రసం, చనుబాలు, తేనె, ఆముదం: ఇవన్నీ మన అవ్వలు ప్రేమతో చెప్పినవే. అయినా పుండు పడిన కంట్లో ఇవేవీ పోయవద్దు. ఇంట్లో మిగిలిపోయిన మన కంటిచుక్కలు అసలే వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే హెర్పిస్ పుండు ముదిరి కన్నే పగలొచ్చు. పారాసిటమాల్ పిల్లికి విషం. మనకు జ్వరం తగ్గించే ఆ ఒక్క గోలీ పిల్లి ప్రాణం తీయగలదు. మెడికల్ షాపు తమ్ముళ్లారా, మీకు చేతులెత్తి చెబుతున్నాను, పిల్లి కంటికని ఎవరైనా అడిగితే డాక్టరు రాసిచ్చిన చీటీ లేకుండా చుక్కలు ఇవ్వకండి. డాక్టరు రాసిచ్చిన మందును కన్ను తేటపడగానే ఆపొద్దు. క్లమిడియా అయితే చికిత్స వారాల తరబడి సాగుతుంది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా అడగాలి. గేదెకు పొదుగువాపు వస్తే అర్ధరాత్రి అయినా గోపాలమిత్రకు ఫోన్ చేస్తాం. పెబ్బేరు సంతలో కొన్న గొర్రె దగ్గితే ఆ సాయంత్రమే పశువుల దవాఖానకు తోలుకుపోతాం. పిల్లికూన పైసలు తేదని దాని కన్ను పోతే పోనిస్తామా? మన పల్లికాయ బస్తాలను, వడ్ల గాదెలను ఎలుకల నుంచి కాసేది ఆ జాతే కదా! మండలంలో పశువైద్య సిబ్బంది ఉన్నారు, వనపర్తిలో పశువుల దవాఖాన ఉంది, సంచార పశువైద్యానికి 1962 నంబరు ఉంది. అడగండి. పిల్లి కోసం అడగడానికి నామోషీ పడొద్దు.

గీరినా కరిచినా ఏం చేయాలో ప్రతి ఇంటి గోడ మీద రాసి ఉండాలన్నది నా కోరిక. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏదీ అద్దకూడదు. వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. మొదటి సూదితో సరిపెట్టుకోకుండా చెప్పిన తేదీలన్నింటికీ పోవాలి. కంట్లో పుసి రేబిస్ గుర్తు కాదు, నిజమే. కానీ పిచ్చికుక్క కరిచిన పిల్లి నుంచి రేబిస్ రాగలదు. అది ఒకసారి బయటపడ్డాక ఏ దవాఖానా కాపాడలేదు. దెబ్బలు పడతాయన్న భయంతో పిల్లలు గీతను దాచేస్తారు, అదే నన్ను అన్నిటికంటే కలవరపెడుతుంది. గీరిందని చెప్పిన బిడ్డను తిట్టనని ప్రతి తల్లి, ప్రతి తండ్రి ఇవాళే మాటివ్వాలి. కోలుకున్న కూనకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి.

ఇక చట్టం మాట. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో, ప్రాణుల మీద దయ చూపడం ప్రతి పౌరుడి విధి అని 51ఎ అధికరణం చెబుతుంది. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. చట్టానికి భయపడి చేయమని నేను అడగను. రంగనాయకస్వామి తిరునాళ్లకు ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనానికి చెంబెడు మంచినీళ్లిచ్చే ఊరు మనది. గడపలో పడి ఉన్న కూనకు గుక్కెడు నీళ్లెందుకివ్వలేదని రేపు మన పిల్లలు మనల్ని అడగకూడదు.

అందుకే ఏడిండ్లు ఒక జట్టు కడదాం. జట్టులో పసిపిల్లలు లేని ఇల్లు ఒకటి ఉంటుంది, జబ్బు కూనకు చోటు ఆ ఇంట్లో. పొద్దూమాపూ కంటికి మందు వేసే ఓపిక ఒక అవ్వకు ఉంటుంది. బండి ఉన్న తమ్ముడు దవాఖానకు తీసుకుపోతాడు. మందు ఖర్చు ఏడుగురు పంచుకుంటే తలా ఎంత పడుతుంది? అంగన్‌వాడీ టీచరమ్మలారా, పిల్లలకు అన్నం ముందు చేతులు కడిగించే మీరు, పిల్లిని ముట్టిన తరువాత కూడా కడగడం నేర్పండి. బడి సార్లారా, ప్రార్థన వేళ రెండు మాటలు చెప్పండి. పంచాయతీ పెద్దలారా, ఊళ్లో పిల్లులకు, కుక్కలకు రేబిస్ టీకా క్యాంపు పెట్టించమని పశుసంవర్ధక శాఖకు ఒక తీర్మానం రాసి పంపండి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం, ఆ రోజుకు టీకాలు పడేలా ఇప్పుడే కదలండి.

ఈ ఆదివారం పొద్దున ఎవరి గల్లీలో వాళ్లు బయటికి రండి. పుసి కట్టిన కూన ఏ ఇంట్లో ఉందో అడగండి. ఆ ఇంటివాళ్లు సిగ్గుపడకుండా చేయెత్తండి. మిగిలిన ఆరిండ్ల వాళ్లు దూది, సబ్బు, అట్టపెట్టె పట్టుకొని ఆ వాకిట్లోకి నడవండి.