కంభం నుంచి హార్మోన్ల డాక్టరు ఎంత దూరం? షుగర్, థైరాయిడ్ రోగులు ఎక్కడి దాకా వెళ్లాలి?

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం. కంభంలోనో బేస్తవారిపేటలోనో అమ్మానాన్న. పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ల్యాబ్ రిపోర్టు వస్తుంది. టీఎస్‌హెచ్ పక్కన ‘హై’ అని ఉంటుంది. ‘ఎవరికి చూపించాలి నాయనా?’ అని అమ్మ అడుగుతుంది. పశ్చిమ ప్రకాశంలో ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో ఒకటే జవాబు: గుంటూరు పోదాం, లేదంటే కర్నూలు పోదాం.

నిజానికి అందరూ అంత దూరం వెళ్లాల్సిన పనిలేదు. కానీ తప్పకుండా వెళ్లాల్సిన వారు ఆలస్యంగా వెళ్తున్నారు. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలి? ప్రభుత్వ వైద్యం ఎక్కడి వరకు ఆదుకుంటుంది?

ఎండోక్రైనాలజిస్ట్ ఏం చూస్తారు?

థైరాయిడ్, పిట్యూటరీ, అడ్రినల్, పారాథైరాయిడ్, క్లోమం లాంటి గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లు ఎక్కువైనా తక్కువైనా వచ్చే జబ్బులను చూసేది ఎండోక్రైనాలజిస్ట్. ఎంబీబీఎస్, ఎండీ అయ్యాక మరో మూడేళ్లు డీఎం చదవాలి. అందుకే వీరు పెద్ద నగరాల్లోనే కనిపిస్తారు. ప్రభుత్వ రంగంలో విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్, హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియాల్లో ఈ విభాగాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కంభం వారికి దారి కలిసేవి మాత్రం గుంటూరు, కర్నూలు సర్వజన ఆసుపత్రులే. గుంటూరు-నంద్యాల రైలు మార్గం మీదే కంభం స్టేషన్ ఉంది. తూర్పుకు వెళ్తే మార్కాపురం రోడ్, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు. పడమరకు వెళ్తే గిద్దలూరు, నల్లమల దాటి నంద్యాల, అక్కడి నుంచి కర్నూలు. ఎటు వెళ్లినా ఒక రోజు కూలీ పోతుంది, తోడుగా వచ్చిన వారిదీ పోతుంది.

ఊళ్లోనే తేలిపోయేవి ఏవి?

మామూలు షుగర్‌కు, సాధారణ థైరాయిడ్ లోపానికి ఎంబీబీఎస్ డాక్టరు, జనరల్ మెడిసిన్ డాక్టరు చాలు. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. ఇంతమందికీ ఎండోక్రైనాలజిస్ట్ దొరకడం ఏ దేశంలోనూ సాధ్యం కాదు. అందుకే 30 ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్ పరీక్షలు చేసి మందులిచ్చే పని పీహెచ్‌సీలు, విలేజ్ క్లినిక్‌లకు అప్పగించారు. మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్, థైరాయిడ్‌కు వాడే లీవోథైరాక్సిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. 2022లో గ్లార్జిన్ ఇన్సులిన్‌ను కూడా అందులో చేర్చారు.

పరీక్షలకూ ఒక లెక్క ఉంది. ఉచిత పరీక్షల జాతీయ పథకం కింద పీహెచ్‌సీలో 63, సీహెచ్‌సీలో 97, జిల్లా ఆసుపత్రిలో 134 రకాల పరీక్షలు అందాలి. అక్కడ చేయలేనిది ఉంటే నమూనా తీసుకుని పై ల్యాబ్‌కు పంపవచ్చు. అంటే రోగి కదలనక్కర్లేదు, రక్తం సీసా కదిలితే చాలు. ఈ ఒక్క ఏర్పాటు సరిగ్గా నడిస్తే గుంటూరు ప్రయాణాల్లో చాలా వరకు తప్పుతాయి.

ఎవరు తప్పకుండా వెళ్లాలి?

* షుగర్ వచ్చిన పిల్లలు, టీనేజర్లు. వీరిలో చాలామందికి ఉండేది టైప్-1. ఇన్సులిన్ ఆపితే ప్రాణాపాయం.
* గొంతు దగ్గర గడ్డ, గుండె దడ, బరువు తగ్గడం, కళ్లు ముందుకు రావడం ఉన్నవారు.
* వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు, మరీ ముందుగా లేదా మరీ ఆలస్యంగా ఈడు వచ్చేవారు.
* కాల్షియం ఎక్కువగా ఉండి కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవారు.
* గర్భం దాల్చాక షుగర్, థైరాయిడ్ అదుపులోకి రానివారు.

ఈ ప్రాంతంలో మరో రెండు విషయాలు గమనించాలి. ఒకటి ఫ్లోరైడ్. పశ్చిమ ప్రకాశంలో ఎముకలు నొప్పి అంటే నీళ్ల వల్లే అనేస్తారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ విటమిన్-డి లోపం, పారాథైరాయిడ్ జబ్బు కూడా ఇలాంటి నొప్పులే తెస్తాయి, వాటికి మందుంది. కాల్షియం, విటమిన్-డి పరీక్షలు చేయించకుండా ఫ్లోరైడ్ అని వదిలేయకూడదు. రెండోది స్టెరాయిడ్. కీళ్ల నొప్పులకు చీటీ లేకుండా ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్లలో ఇది ఉండవచ్చు. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, శరీరం సొంతంగా తయారుచేసుకునే హార్మోన్ ఆగిపోతుంది. అప్పుడు ఆ మందును ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

ఆరోగ్య పథకం ఎందుకు సరిపోవడం లేదు?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ప్రధానంగా పడక మీద చేసే చికిత్సకు, ఆపరేషన్లకు డబ్బు కడుతుంది. షుగర్ ముదిరి ఆసుపత్రిలో చేరితే ఆదుకుంటుంది. హార్మోన్ జబ్బుల తీరు వేరు. పడక అవసరం తక్కువ, ఓపీ అవసరం జీవితాంతం. మూడు నెలలకోసారి పరీక్ష, డోసు మార్పు, రోజూ ఒక మాత్ర. ఈ ఖర్చులో చాలా భాగం పథకానికి బయటే ఉంటుంది. రోగి జేబుకు చిల్లు పడేది కూడా ఇక్కడే. ఛార్జీలకు భయపడి ఓపీ మానేసిన వారే చివరికి కాలి పుండుతోనో, కిడ్నీ దెబ్బతినో ఆసుపత్రిలో చేరుతున్నారు.

పసిపిల్లల సంగతి మరీ ముఖ్యం. మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరు థైరాయిడ్ లోపంతో పుడతారని అంచనా. చూడ్డానికి బాగానే ఉంటారు. రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే మామూలుగా ఎదుగుతారు, ఆలస్యమైతే బుద్ధి వికాసం దెబ్బతింటుంది. మడమ నుంచి తీసే రెండు మూడు చుక్కల రక్తంతో ఇది తెలిసిపోతుంది. కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలందరికీ ఈ పరీక్ష చేసే కార్యక్రమం పదేళ్లకు పైగా ఉంది. జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం మాత్రం దీన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. కాన్పు కంభంలో జరిగినా మార్కాపురంలో జరిగినా, ఇంటికి వెళ్లే ముందు ‘బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా?’ అని అడగండి.

కొత్త జిల్లాతో ఏం మారవచ్చు?

2025 డిసెంబరు 31 నుంచి మార్కాపురం జిల్లా అయింది. కంభం వారికి జిల్లా కేంద్రం ఒంగోలు కాదు, పక్కనే ఉన్న మార్కాపురం. అక్కడ కట్టడం మొదలైన వైద్య కళాశాలను పీపీపీ విధానంలో ఇవ్వాలని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం నిర్ణయించింది. దానిపై రాజకీయ వాదన సాగుతూనే ఉంది. ఒక్క విషయం ఇరువైపులా మర్చిపోతున్నారు. ఎవరు నడిపినా, ఎంబీబీఎస్ కళాశాలకు ఎండోక్రైనాలజీ విభాగం తప్పనిసరి కాదు. కళాశాల వచ్చినంత మాత్రాన హార్మోన్ల డాక్టరు రారు.

అడగాల్సింది అంతకంటే చిన్నది, చేయదగినది. మార్కాపురం ఆసుపత్రిలో అన్ని రోజులూ నడిచే హార్మోన్ పరీక్షల ల్యాబ్. నెలకు ఒకటి రెండు రోజులు గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చే స్పెషలిస్టు. మిగతా రోజుల్లో కంభం డాక్టరు ఈ-సంజీవని వీడియోలో సలహా తీసుకునే వీలు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

బయలుదేరే ముందు

పెద్దాసుపత్రికి పంపేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మందుల అట్టలు సంచిలో పెట్టించండి. ఆ విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వైద్య సేవ పథకం సందేహాలకు 104కు ఫోన్ చేయవచ్చు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తే చాలు. వాంతులు, ఆయాసం, మగతతో షుగర్ బాగా పెరిగి ఉంటే మాత్రం గుంటూరు దాకా ఆలోచించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లమనండి.