వడ్డె మనవరాలు అడిగిన ప్రశ్న

పిల్లలు చదవదగిన క్రైస్తవ కథల పుస్తకాల జాబితా ఈ సంచికలో ఇస్తామని పోయినసారి మాట ఇచ్చాం. ఇవ్వడం లేదు. ఎందుకో చెప్పాలంటే ఎర్రబోరు దాకా వెళ్ళాలి.

జాబితా అడిగింది మన సభ్యులే. కిరండూల్, బచేలి కాలనీల్లోనూ జగదల్‌పూర్‌లోనూ ఉన్న మన తెలుగు కుటుంబాల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు తక్కువేం కాదు. పిల్లలు బళ్ళో హిందీ, ఇంగ్లీషు చదువుతారు. ఫోన్లో ఏది కనిపిస్తే అది చదువుతారు. "పదేళ్ళ పిల్ల చేతికి భయం లేకుండా ఇవ్వగల కథలు కావాలి. భక్తి ఉండాలి, చెత్త ఉండకూడదు" అని ఒక తల్లి రాశారు. న్యాయమైన కోరికే. సంపాదక వర్గంలో ముగ్గురం కూర్చుని ఒక కాగితం మీద ఐదు గళ్ళు గీశాం. బూతు లేదు, ప్రేమ వ్యవహారం లేదు, తాగుడు లేదు, రక్తపాతం లేదు, మంత్రతంత్రాలు లేవు. ఒక్కో పుస్తకం చదవడం, టిక్కులు పెట్టడం. పని చకచకా సాగింది. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఐదుకి ఐదు టిక్కులూ పడ్డ పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీషు నుంచి వచ్చిన అనువాదం. పేరెందుకు, అచ్చు వేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. మే నెలలో ఎర్రబోరులో పిల్లలకు వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) జరుగుతోందని తెలిసి, ఆ పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కాను.

జగదల్‌పూర్ నుంచి సుక్మా, దోర్నపాల్ మీదుగా కోంటకు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది ఎర్రబోరు. దుబ్బతోట, ఎర్రబోరు, ఇంజరం... బోర్డులు చదువుకుంటూ పోతుంటే ఇది ఛత్తీస్‌గఢ్ అంటే నమ్మబుద్ధి కాదు. కోంట దాటితే చింతూరు, అంటే ఆంధ్రప్రదేశ్. ఇక్కడ ఇంట్లో దోర్లా, సంతలో తెలుగు, బళ్ళో హిందీ. తెలుగు చెబితే పిల్లలకు అర్థమవుతుంది కానీ తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు అరుదు. అందుకే పుస్తకం పంచిపెట్టకుండా పైకి చదవడం మొదలుపెట్టాను. రేకుల షెడ్డు, కింద పరదా. తెల్లారకముందే తునికాకు కోసి, యాభయ్యేసి ఆకుల కట్టలు కట్టి వచ్చిన పిల్లలు. సగం మందికి కళ్ళు మూతలు పడుతున్నాయి.

కథ చిన్నది. కొండ మీద ఊరు. ఊళ్ళో ముసలి మంత్రగాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి మీద బూడిద చల్లి, వేళ్ళూ ఆకులూ నూరి పోసి డబ్బు గుంజుతాడు. పిల్లవాడు ప్రార్థన చేస్తాడు, జ్వరం తగ్గుతుంది. ఊరంతా ఒకటై మంత్రగాణ్ణి తరిమేస్తుంది. మంత్రగాడు ఉన్నా చివర్లో ఓడిపోతాడు కదా అని ఐదో గడిలో కూడా టిక్కు పెట్టాం.

ముందు వరుసలో తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యెత్తింది.

"సార్, ఆయన వడ్డేనా?"

కాదమ్మా, మంత్రగాడు అన్నాను.

"జ్వరమొస్తే చెట్టుమందు ఇచ్చాడు కదా. వడ్డే. మా తాత కూడా వడ్డే. ఆయన్ని కూడా తరిమేస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. సండే స్కూల్ అక్క దోర్లాలో ఏదో సర్దిచెప్పి పాట ఎత్తుకుంది. కథ అక్కడితో ఆగిపోయింది. సాయంత్రం ఆ తాతే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కోపంగా లేడు. పుస్తకం అడిగి తీసుకుని, తిరగేసి బొమ్మ దగ్గర ఆగాడు. బొమ్మలో మంత్రగాడి మెడలో ఎముకల దండ ఉంది. చాలాసేపు చూసి, "ఇవి దేని ఎముకలు?" అని అడిగాడు. ఆయన మెడలో తువ్వాలు తప్ప ఏమీ లేదు.

మేడారం జాతరకు వెళ్ళినవాళ్ళకు వడ్డె అంటే ఎవరో చెప్పక్కర్లేదు. సమ్మక్కను గుట్ట మీంచి తెచ్చేది కోయ పూజారులైన వడ్డెలే. మన సభ్యుల్లో సగం మంది అక్కడ దండం పెట్టుకున్నవాళ్ళే. అలాంటి మనిషిని తరిమేయడం శుభంగా ముగిసిన కథ అని మేం ముగ్గురం చదువుకున్నవాళ్ళం ఎలా టిక్కు పెట్టాం? గళ్ళల్లో తిరస్కారం అనే గడి లేదు కాబట్టి. దొంగవైద్యం చేసేవాళ్ళు లేరని కాదు, జ్వరానికి ఆసుపత్రికి పోవాల్సిందే. కానీ టోన్హీ, అంటే మంత్రగత్తె, అనే ముద్ర వేసి మనిషిని, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ళను, ఊరు వెంటపడి హింసించడం ఈ రాష్ట్రంలో ఎంత మామూలంటే, దాన్ని ఆపడానికి 2005లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. మా కథలో ఊరు చేసింది అదే పని.

తిరస్కారం రెండు వైపులా కోస్తుంది. ఇదే బస్తర్‌లో, ఛింద్‌వాడా అనే ఊళ్ళో, ఊరివాళ్ళు అడ్డుపడితే, పాస్టరైన తండ్రిని సొంత ఊళ్ళో పూడ్చుకోనివ్వమని ఒక కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. దాదాపు మూడు వారాలు శవం మార్చురీలోనే ఉంది. 2025 జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు చెరొక అభిప్రాయం చెప్పి, చివరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పూడ్చమన్నారు. ఊరికి, చర్చికి మధ్య పచ్చిపుండు ఉన్నచోట మనం పిల్లలకు చదివి వినిపించే కథ ఇంకాస్త కారం చల్లేదిగా ఉండకూడదు. ఈ మాట చర్చి పెద్దలకూ చెబుతున్నాను, రేపు వాళ్ళను రాక్షసులుగా రాయబోయే కథకులకూ చెబుతున్నాను.

మిగతా గళ్ళూ నిలవలేదు. తాగుడు సంగతే చూడండి. ఇప్పసారా, జీలుగు కల్లు లేకుండా ఇక్కడ పెళ్ళీ లేదు, చావూ లేదు. తాగుడు కనిపించకూడదంటే ఎర్రబోరు పిల్ల ఇల్లే కథలో కనిపించకూడదు. ఇక రక్తపాతం. 2006 జులై 17న ఎర్రబోరులోనే, మావోయిస్టులకు ఎదురుగా నడిచిన సల్వాజుడుం ఉద్యమపు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేశారు. 30 మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. ఆ రోజుల్లో అటూ ఇటూ నలిగి, అడవి దాటి భద్రాచలం వైపు పారిపోయిన కుటుంబాలను అక్కడ గుత్తికోయలంటారు. వాళ్ళ పిల్లల్లో కొందరు ఇప్పుడు తెలుగు బళ్ళలో చదువుతున్నారు. మనం తెలుగునేల నుంచి ఇక్కడికొచ్చాం, వాళ్ళు ఇక్కణ్ణుంచి తెలుగునేలకు పోయారు. ఇలాంటి ఇళ్ళ పిల్లలకు ఎవరూ చావని కథ చెబితే వింటారు, మర్యాదకి.

ఐదు గళ్ళ కాగితం పట్టుకుని బైబిలు తెరిస్తే ఏమవుతుందో కూడా చూశాం. దావీదు గొల్యాతు తల నరుకుతాడు. యోసేపును సొంత అన్నలే అమ్మేస్తారు. తప్పిపోయిన కుమారుడు ఆస్తిని ఎలా తగలేశాడో వాళ్ళన్న అరిచి మరీ చెబుతాడు. వెనకటి తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో బైబిలు పక్కన కనిపించే పుస్తకం యాత్రికుని ప్రయాణము. జైలు పాలైన జాన్ బన్యన్ రాయగా 1678లో అచ్చయిన ఆ కథలో, సంతలో ఒక స్నేహితుణ్ణి సజీవంగా కాల్చేస్తారు. మా అమ్మమ్మ ఆ ఘట్టం దగ్గర గొంతు తగ్గించేది. దాటేసేది మాత్రం కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ గొడవ కొత్త కాదు. మడెలీన్ లెంగల్ క్రీస్తును నమ్మిన మనిషి. 1962లో అచ్చయిన ఆమె 'ఎ రింకిల్ ఇన్ టైమ్' నవలకు న్యూబెరీ పతకం వచ్చింది. మంత్రగత్తెల్లాంటి పాత్రలున్నాయని దాన్ని బళ్ళలోంచి, లైబ్రరీల్లోంచి తీసేయమన్నది క్రైస్తవ తల్లిదండ్రులే. మన జాషువా సంగతి మరీ దగ్గరిది. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని సంఘ పెద్దలు వెలివేసిన ఆ కవికే, 'క్రీస్తు చరిత్ర'కు గాను 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆనాడు టిక్కులు పెట్టిన పెద్దల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

వినడం తెలిసినవాళ్ళు లేకపోలేదు. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో, 19వ శతాబ్దంలో, చర్చ్ మిషనరీ సొసైటీ (సీఎంఎస్) మిషనరీ జాన్ కెయిన్ కోయల మధ్య ఉండి వాళ్ళ ఆచారాలూ నమ్మకాలూ అడిగి తెలుసుకున్నాడు. 1870లలో 'ఇండియన్ యాంటిక్వెరీ'లో వాటిని అచ్చు వేయించాడు. ఆయన రాసిన ప్రతి మాటా మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ వచ్చింది బోధించడానికే అయినా చెవి మూసుకోలేదు.

ఇప్పుడు మేం చేయబోయేది ఇది. బూతు, ప్రేమ వ్యవహారం అనే రెండు గళ్ళు అలాగే ఉంచాం. పదేళ్ళ పిల్లకు వాటి అవసరం లేదు, ఇందులో వాదన పెట్టుకోదలచుకోలేదు. తాగుడు, చావు, మంత్రాల సంగతి టిక్కులతో తేల్చం. ఏ పేజీలో ఏముందో రాస్తాం, తల్లిదండ్రులు తేల్చుకుంటారు. కొత్త గడి ఒకటి పెట్టాం. కథలో చెడ్డవాడుగా చూపిన మనిషి మనవరాలు ముందు వరుసలో కూర్చుని ఉంటే, గొంతు తడబడకుండా దీన్ని పైకి చదవగలమా? ఇప్పటిదాకా చూసిన పదకొండు పుస్తకాల్లో నాలుగే ఈ గడి దాటాయి. నాలుగూ అనువాదాలే. వాటిలో ఒక్కదానిలోనూ తునికాకు లేదు, ఇప్పచెట్టు లేదు, సంత లేదు.

అందుకే సభ్యులను అడుగుతున్నాను. దేవుణ్ణి నమ్మే పిల్లలూ వడ్డె తాతలూ ఒకే ఇంట్లో అన్నం తినే కథలు మీకు తెలుసు, మీ పక్కింట్లోనే జరుగుతుంటాయి. రాసి పంపండి. దోర్లా మాటలుంటే అలాగే ఉంచండి, అర్థం మేం కింద వేస్తాం. నాలుగు పేజీలు మించొద్దు, పైకి చదవాలి కదా. క్రిస్మస్ సంచికకు అక్టోబరు నెలాఖరులోగా అందాలి. అచ్చయ్యాక మొదటి ప్రతి ఎర్రబోరు షెడ్డుకు నేనే తీసుకెళతాను.