పేర్లు రెండు.. తెగులు ఒక్కటే!

హోసూరు: పొద్దున బాగా మేసిన నాటుకోడి సాయంత్రానికి రెక్కలు వేలేసి తూగుతా ఉంటే మన తెలుగు ఇళ్లలో ‘కొక్కెర తగిలింది’ అంటారు. తమిళంలో అదే ‘వెళ్లై కళిచ్చల్’. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడటంతో ఆ ఊరి పేరే డాక్టర్ల నోట నిలిచింది.

పచ్చగా, తెల్లగా పారడం, నోరు తెరిచి రొప్పడం, మెడ మెలితిరగడం దీని గుర్తులు. ఇది వైరస్. సోకాక మందు లేదు. యాంటీబయాటిక్ గానీ, పసుపు, వెల్లుల్లి గానీ దీన్ని ఆపలేవు. జబ్బు కోడిని వెంటనే వేరుగా మూయాలి. చచ్చినదాన్ని సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. ‘పోయేలోపు అమ్ముకుందాం’ అని సంతకు తీసుకుపోతే పక్క ఊరికి తెగులు మోసినట్టే. ఒకేసారి చాలా కోళ్లు చస్తే బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు చెప్పాలి.

టీకా ఒక్కటే దారి. పిల్లకు ఏడో రోజున లసోటా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. అదీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే.

1824 నాటి పశువుల ఫారం, కోళ్ల కళాశాల మత్తిగిరిలోనే ఉన్నాయి. ఆ చదువు పెరటిదాకా రావాలంటే టీకా శిబిరం చాటింపులో ‘కొక్కెర’ అన్న మాట కూడా వినబడాలి. ఇంటి ఆడవాళ్ల చేతిఖర్చు నిలిచేది ఆ గంప కిందే కదా!