సముందర్ హిసాబ్ మన వాగు కాన్నుంచే



మొన్న బోయినపల్లిల ఒక వలీమాకు పోయిన. దావత్ అయినంక ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, ఆఖరికి దస్తర్‌ఖాన్‌గా పరిచిన ప్లాస్టిక్ షీటు కూడా మూటగట్టి వాగు ఒడ్డున పడేసిండ్రు. "వానకు ఇవన్నీ సముద్రంల కలుస్తయి చాచా" అంటే పెద్దాయన నవ్విండు. "సముందర్ యహాఁ కహాఁ బేటా?"

చాచాకు అక్కడ ఎదురు చెప్పలేదు. జవాబ్ ఇక్కడ రాస్తున్న.

మన మండలంల మాన్వాడ కాడ్నే మిడ్ మానేరు ఉంది. అక్కణ్నుంచి నీళ్లు కరీంనగర్‌ల లోయర్ మానేరుకు, అటెన్క మంథని దిక్కు గోదావరికి పోతయి. గోదావరి ధవళేశ్వరం దాటి చీలుతది. ఒక పాయ అంతర్వేది కాడ బంగాళాఖాతంల కలుస్తది. డ్యాములు ఆపుతయి గదా అంటరు. కొంత ఆపుతయి, నిజమే. ఆగింది ఎండకు పెళుసెక్కి తునకలై ఆ నీళ్లల్లనే ఉంటది. కరీంనగర్ తాగేది లోయర్ మానేరు నీళ్లే. మిగిలింది గేట్లెత్తిన నాడు ముందుకు పోతది.

ఇగ హుకూమత్ సంగతి. 2022ల కేంద్రం 75 రోజులు, 75 బీచ్‌లల్ల చెత్త ఏరించింది. మంచి పనే. సముద్రంల ప్లాస్టిక్‌ను లెక్కగట్టే శాస్త్రవేత్తలకు ఇంకా పైసలియ్యాలె. కానీ ఒడ్డు మీద ఏరొచ్చు, నీటి అడుక్కు దిగిన తునకలను ఎవరు ఏరుతరు? ఇల్లు కురుస్తుంటే కప్పు నేయకుండ కింద గిన్నెలు పెట్టినట్టుంది ఈ ఇంతెజామ్. మన వాగుల ప్లాస్టిక్ ఎంత పోతుందో తూచిన మనిషిని నేనైతే చూడలేదు.

పైసలు లేవనేది బహానా. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకిచ్చిన గ్రాంట్లల్ల 30 శాతం పారిశుధ్యానికే కేటాయించింది. తెలంగాణల ఊరూరికి చెత్త ట్రాక్టర్ వచ్చింది. నేనడిగేది ఇంతే: వానకాలం ముంగట వాగుకు ఒక జాలి, ఒక తరాజు, ఒక రిజిస్టర్. చిక్కిన ప్లాస్టిక్‌ను తూచి, నెలనెలా పంచాయతీ గోడ మీద రాయాలె. సముద్రం పేరు మీద ఖర్చు పెట్టే సర్కారు సొమ్ముల నుంచి నది ఎగువనున్న ఊర్లకు హిస్సా రావాలె. దాని హిసాబ్ గ్రామసభల చదవాలె.

సర్కారును అడిగే ముందు మన గిరేబాన్‌లకు కూడా చూసుకుందాం. ఆ ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా బంద్. అయినా అమ్ముతున్నరు, మనం కొంటున్నం. దారిల ముల్లు తీసుడు ఈమాన్‌ల భాగమని చిన్నప్పటి సంది విన్నోళ్లం. నీళ్ల దారిల మనమే ముండ్లు పోస్తే ఏమనాలె? వజూ చేసేటప్పుడు ఇస్రాఫ్ అయితదేమోనని భయపడే మనకు వలీమా నాడు ఆ భయం ఎటు పోతది?

ప్రతి మస్జిద్ కమిటీ ఐదు వందల స్టీలు గ్లాసులు, గుడ్డ దస్తర్‌ఖాన్‌లు కొని పెట్టాలె. షాదీ ఉన్నోళ్లు తీస్కపోయి, కడిగి తెచ్చియ్యాలె. కొనిచ్చినోళ్లకు సదఖా-ఎ-జారియా అయితది. ఈ జుమా నాడు మా కమిటీని నేనే అడుగుత. మీరు మీ కమిటీని అడుగుండ్రి.

చాచా, సముందర్ దూరమే. కానీ మన మూట అక్కడిదాంక పోతది. నీళ్లు అల్లాహ్ ఇచ్చిన అమానత్. రేపు హష్ర్ మైదాన్‌ల హిసాబ్ అడిగితే, దూరముండె అని తప్పించుకోలేం.

అల్లాహ్ హాఫిజ్.